దయ్యానికి బ్రేకెందుకు?

ఆ రోజుల్లో నాకు అంగడిలో కూచోవడమూ జైల్లో కూచోవడమూ ఒకటే. మా నాయనకు బంగారుపేట బజారులో గుడ్డలంగడి. పొద్దస్తమానం గజంబద్ద పట్టుకుని "రాండమ్మా, రాండి" అనే బతుకు మనకెందుకని, ఇరవై ఏండ్లకే నేను తలెత్తి తిరిగే ఉద్యోగం వెతుక్కున్నాను. అక్కడి బంగారు గనులు సర్కారు చేతికొచ్చి కొన్నేండ్లయింది. చాంపియన్ రీఫ్స్ గని దగ్గర సైనైడ్ దిబ్బల మట్టి తోలే కాంట్రాక్టరు ఒకాయన నన్ను పనిలో పెట్టుకుని, ఒక హెల్మెట్టూ, ఒక విజిలూ, రెండు జెండాలూ చేతికిచ్చినాడు. మా అమ్మ దిష్టి తీసి, వీధంతా "మావాడు గనిలో ఆఫీసరు" అని చెప్పుకుంది. (ఆఫీసరు చేసే పని ఏమంటే, టిప్పర్లు పోయే దారికి గని కూలీల లైనిళ్ల జనం నడిచే కాలిదారి అడ్డం తగిలే చోట ఒక రాతిదిమ్మె మీద నిలబడి, బండి వస్తే జనాన్నీ, జనం వస్తే బండినీ ఆపడం.)

ఆ దిబ్బలు చూడనివాళ్లకు కొంచెం చెప్పాల. బంగారం తీసేసిన రాతిపిండిని ఏండ్ల తరబడి పోసి పోసి అవి గుట్టలైనాయి. వాటి మీద గడ్డి మొలవదు, పిట్ట వాలదు. ఎండాకాలంలో మధ్యాహ్నం గాలి లేచిందంటే దిబ్బే లేచి నడిచొచ్చినట్టు ఉండేది. చుట్టూ తెల్లటి చీకటి. అందులో శబ్దాలు కూడా దారి తప్పేవి. ఎడమ పక్క వచ్చే బండి కుడి పక్క వినిపించేది. వీపు వెనక ఎవరో దగ్గినట్టుండేది. తిరిగి చూస్తే దుమ్ము తప్ప ఏమీ ఉండదు. మా మేస్త్రి మొదటి రోజే చెప్పినాడు: "గాలి లేస్తే మూడు విజిళ్లు ఊదు. బండ్లూ నిలవాల, జనమూ నిలవాల. నువ్వు మాత్రం ఆ రాతి మీద నుంచి దిగొద్దు."

డ్రైవర్లలో పెద్దాయన మీసాల మామ. ఒకరోజు టీ తాగుతా నా పక్కకు జరిగి, గొంతు తగ్గించినాడు.

"ఆ దుమ్ములో ఒక ముసల్ది నడస్తా ఉంటాదప్పా. తలమీద కుండ. మొగం ఉండదు. హారన్ కొట్టినా తిరగదు. రెండు తూర్లు చూసినా."

"మరి బ్రేకు వేసినావా మామా?"

"దయ్యానికి బ్రేకెందుకు? నిలిపితే బండెక్కేస్తాది. గేరు మార్చి తొక్కేసినా. రెండు తూర్లూ మాయమైపోయింది."

పెద్దాయన అనుభవం కదా అని నేను తలూపినాను. ఆ మాటలో ఎంత ఘోరముందో నాకప్పుడు తట్టలేదు. తట్టింది ఒకటే: ఆ ముసల్ది నా వైపు వస్తే నేనేం తొక్కాల? నాకు గేర్లు కూడా లేవే.

నాలుగు రోజులు కాలేదు, గాలి లేచింది. మూడు విజిళ్లు ఊదినాను. దగ్గరున్న రెండు బండ్లు నిలిచినాయి; వాటి ఇంజన్ల గురక మాత్రం వినిపిస్తా ఉంది. మీసాల మామ బండి ఇంకా దిబ్బ మీదే ఉండాలి, నా విజిలు అంత దూరం పోయిందో లేదో తెలీదు. అప్పుడు దుమ్ములో ఒకచోట తెలుపు చిక్కబడింది. చిక్కబడి మనిషయింది. నేల మీద దుమ్ము పారతా ఉంటే ఆ మనిషికి పాదాలు లేవు. తలమీద కుండ. మొగముండాల్సిన చోట వట్టి తెలుపు. విజిలు ఊదినాను, తిరగలేదు. అది నేరుగా నా రాతి దగ్గరికే వస్తా ఉంది.

మేస్త్రి మాటలన్నీ గాలికి పోయినాయి. జెండాలు రెండూ పారేసి దూకినాను, పరిగెత్తినాను. యాడికి పరిగెత్తినానంటే, సరిగ్గా టిప్పర్ల దారిలోకి.

రెండు పసుపు లైట్లు దుమ్మును చీల్చుకుని వచ్చినాయి. చేతులెత్తి అరిచినాను, గొంతు నిండా పిండి, విజిలు తుస్సుమంది. అద్దం వెనక మీసాల మామ మొగం కనిపించింది. కండ్లు ఇంతింత చేసుకుని నన్ను చూసినాడు. చూసి, గేరు మార్చినాడు. హెల్మెట్ నుంచి చెప్పుల దాకా నేనూ తెల్లగానే ఉన్నానని అప్పుడు తెలిసింది. ఆ క్షణాన ఆ దారిలో దయ్యం నేనే.

వెనక నుంచి ఒక చెయ్యి నా కాలరు పట్టి లాగింది. ఇద్దరమూ దారి పక్క కాలవలో పడినాము. టిప్పరు మా పక్కనే గర్జిస్తా పోయింది. నా మొగం మీద ఏదో చల్లగా, పుల్లగా పారింది. రక్తమేమో అనుకున్నాను. మజ్జిగ.

"కండ్లు లేవా నీకు? బండి ముందర చిందులేస్తా ఉండావు!" అని మొగానికి కట్టుకున్న కొంగు విప్పింది. పక్క పల్లె నుంచి వచ్చి లైనిళ్లలో మజ్జిగ అమ్ముకునే అవ్వ. అందరికీ మజ్జిగవ్వ.

"విజిలు ఊదినాను గదవ్వా!"

"ఏమీ?"

"విజిలు!"

"చెవుల్లో దూది ఉండాది, దుమ్ముకు. గట్టిగా చెప్పు."

నేను దూది తీయమని సైగ చేసి అడిగినాను, "అవ్వా, నువ్వేనా ఆ దయ్యం?"

"నేనా? నిన్నే అనుకుంటి నేను. దయ్యమైతే ఏమి, బిడ్డ మాదిరి చేతులెత్తుతా ఉండాదే అని లాగితి." కొంగు దులుపుకుంటా అనింది, "ఎవడో తాగుబోతు ఉండాడప్పా. ఇంతకు ముందు కూడా రెండు తూర్లు నా మీదికే తోలినాడు. ఈ కాలవలోనే దూకినా."

గాలి దిగినాక మీసాల మామ బండి నిలిపి వచ్చినాడు. నన్ను చూసి రెండడుగులు వెనక్కేసినాడు, అవ్వను చూసి నిలబడిపోయినాడు. సంగతి విన్నాక బండి మెట్టు మీద కూలబడినాడు. "మనుషులప్పా... మనుషుల మీదికి తోలినానే," అని అదే మాట. అవ్వ తిట్టడానికి నోరు తెరిచి, ఆయన్ను చూసి, "లెయ్యప్పా, నీళ్లు తాగు," అనింది. ఆ రోజు ఆయన మళ్లీ స్టీరింగు ముట్టలేదు.

మరుసటి పొద్దున నా అంతట నేనే మా నాయన అంగడికి పోయినాను. "ఎర్రగుడ్డ కావాల నాయనా. భుజం మీద నుంచి నడుం దాకా అడ్డంగా కట్టుకునేంత. అట్లాంటివి చానా." ఎందుకన్నాడు. చెప్పినాను. కత్తెర ఆగిపోయింది. ఎర్రగుడ్డ తాను మొత్తం విప్పి కత్తిరించడం మొదలుపెట్టినాడు. ఆ వారం నుంచి ఆ దారి దాటే ప్రతి మనిషికీ ఎర్రపట్టీ కట్టినాము. గాలి లేస్తానే దిబ్బ మీదికి వినబడేలా, మేస్త్రి ఒక ఇనుప పట్టాను వేలాడదీసి గంట కొట్టించినాడు. మీసాల మామ ఇంగ కుక్కకీ బ్రేకే, ఎగిరే కాగితానికీ బ్రేకే. "దయ్యమే అయితే బండెక్కనీ. నేను దిగి నడుస్తా," అనేవాడు.

రెండేండ్లకు ఆ కాంట్రాక్టు అయిపోయింది. నేను మళ్లీ అంగడికే వచ్చినాను. చాలా కాలం తర్వాత ఒకసారి ఆ పక్కకు పోయి మజ్జిగవ్వ గురించి అడిగితే, ఆమె రావడం మానేసి ఏండ్లయిందన్నారు. ఏ పల్లె అంటే తలా ఒక పల్లె చెప్పినారు. పేరేమంటే ఎవరికీ తెలీదు. నాకు మాత్రం తెలుసా? రెండేండ్లు రోజూ ఆమె చేతి మజ్జిగ తాగినాను. ఒక్కనాడూ పేరు అడగలేదు. ఆ హెల్మెట్ కుర్రోణ్ణి, అప్పటి నన్నే, తలుచుకుంటే నవ్వొస్తుంది. నవ్వుతూనే, వాడు ఎదురుగా ఉంటే చెవి మెలిపెట్టి, "పోయి పేరడిగి రాపో," అని తరమాలనీ అనిపిస్తుంది.