పది నిమిషాలకు అందరూ మొనగాళ్ళే

థెరపీ అమ్మ పోయిందని మిల్లులో నాతో పనిచేసినతను మొన్న ఫోను చేసి చెప్పాడు. వినగానే ముందు వచ్చింది దుఃఖం కాదు, కోపం. పోయినవాళ్ళ మీద కోపమేమిటని మీరనవచ్చు. చెబుతాను.

మా కోయంబత్తూరులో దెబ్బ తగిలిన మిల్లు పనివాళ్ళు మళ్ళీ పనిలోకి పోవచ్చో లేదో చూసి, ఆసుపత్రి నుంచి రాసిచ్చేది ఆమే. చిన్నమనూరు తెలుగావిడ. దెబ్బతిన్న చేతులకు కసరత్తు చేయించే థెరపీ ఉద్యోగం కనక అందరం థెరపీ అమ్మ అనేవాళ్ళం. స్పిన్నింగులో నా కుడిచేతి వేళ్ళు యంత్రంలో పడి నలిగాయి. కట్లు విప్పిన నెలలోగా రాకపోతే నా చోటు ఇంకొకరికిస్తామని మిల్లువాళ్ళు చెప్పేశారు. ఇంట్లో సంపాదించేది నేనొక్కణ్ణే.

వేరేవాళ్ళయితే పిడికిలి బిగించి విప్పమని, సరే పొమ్మనేవారు. ఈమె గదిలో పాత కదురుల చట్రం ఒకటి పెట్టుకుంది. మిల్లులో నా పని తెగిన పోగులు అతకడమే కనక, తనే నూలు తెంపేది, నన్ను అతకమనేది. మా ఇంటి కూరల సంగతి అడుగుతూ మాటల్లో పెట్టి గంట గడిపేది. మొదటిసారి అరగంటకే చూపుడువేలు వణికింది. "పది నిమిషాలకు అందరూ మొనగాళ్ళే, షిఫ్టు ఎనిమిది గంటలప్పా" అని పంపేసింది.

రెండోసారి పోయేరోజు వేళ్ళు సాగుతాయని మా అమ్మ వేడి ఆముదం పట్టించింది. ఆ జిడ్డుకు నూలు నిలిస్తే కదా. థెరపీ అమ్మ సబ్బుతో కడిగించి మళ్ళీ కూర్చోబెట్టింది. పళ్ళు బిగించి నొప్పి లేదన్నాను. ఆమె నా మాట వినలేదు, వేలు చూసింది.

"ఇంగా పది దినాలు పోనీప్పా. ఇప్పుడే పొయ్యి మిషన్లో సెయ్యి పెడితే ఉండేదీ పోతాది."

"నా పని పోతే మీరిప్పిస్తారామ్మా?" అన్నాను. బయటికొచ్చి తిట్టని తిట్టు లేదు.

గడువు చివరిరోజు రాసిచ్చింది కానీ, ఒక మెలిక పెట్టింది. మొదటి షిఫ్టు తను పక్కనే నిలబడి చూస్తుందట. మేస్త్రీ నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ మంట కొద్దీ షిఫ్టంతా ఆమెతో మాట్లాడలేదు, కాసిని మంచినీళ్ళు తాగమని కూడా అనలేదు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు ఆ చేత్తోనే అన్నం తిన్నాను. ఒక్కసారైనా పోయి ఆ మాట చెప్పలేదు. ఇప్పుడు ఆ కోపమంతా నా మీదే.

ఆ మొదటి షిఫ్టులో ఏడో గంట దాటాక వరసగా నాలుగు పోగులు తెగాయి. మేస్త్రీ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఒక్కొక్కటే అతికాను. నాలుగోది నిలిచాక తలెత్తి చూశాను. దూది పడి ఆమె జుట్టు, కనుబొమ్మలు తెల్లబడిపోయాయి. దులుపుకోవడం కూడా మరిచి, ఆమె ఇంకా నా వేళ్ళనే చూస్తోంది.