సున్నం పూసిన చేను

నా చిన్నప్పుడు మా ఊరి బడి గోడ మీద ఊరి పొలాలన్నీ మూడు రంగుల్లో కనబడేవి. సత్తెనపల్లి నుంచి వచ్చిన భూసార పరీక్ష ఆఫీసరు గారు వేయించిన పటం అది. నల్లరేగడికి బొగ్గు నలుపు, ఎర్ర నేలకి కావి, చౌడుకి సున్నం. ఒకరిని చూసి ఒకరు బోర్లు వేయిస్తున్న రోజులవి. మా తాతయ్య అందరికంటే ముందే వేయించాడు.

పటం వేసే ముందు ఆఫీసరు గారు ప్రతి రైతునీ తన చేలో మట్టి తీసి తెమ్మన్నారు. చేనంతా తిరిగి నాలుగైదు చోట్ల తీయాలి, ఎరువు దిబ్బల దగ్గర తీయకూడదు అని మైకులో మరీ చెప్పారు. మా తాతయ్య విన్నాడు, తలూపాడు, తిన్నగా వెళ్ళి ఎరువు కోసం గొర్రెల మంద కట్టించిన మూలలో తవ్వాడు. గడ్డలు చిదిపి, చెత్త ఏరి, ఉతికిన సంచిలో పోశాడు.

"పెళ్ళిచూపులకా పంపేది? ఆ కింది చెక్కలో కూడా తియ్యరాదూ?" అంది నాయనమ్మ. బోరు నీళ్ళు పారినప్పటి నుంచి, చేనులో పల్లంగా ఉండే ఆ కింది చెక్కలో నేల మీద తెల్లగా పొర కడుతోంది.

"ఆఫీసుకెళ్ళే మన్నే. నలుగురూ చూస్తారు. పరువుండొద్దూ?" అన్నాడు తాతయ్య.

ఆయన మోసగాడు కాదు. చుట్టాలొస్తే చిరుగు చాప దాచి కొత్త చాప పరిచే మనిషి, అంతే. పరీక్షకి ఇవ్వడమంటే ఉన్నంతలో మంచిది ఇవ్వడమనే అనుకున్నాడు. ఊళ్ళో సగం మంది అలాగే తెచ్చారని తర్వాత తెలిసింది.

గోడ మీద మా చేనంతా నలుపు పడింది. కింది చెక్క బీడు పెడదామనుకున్న మనిషి, ఆ నలుపు చూసి చేనంతా మిరప నాటించాడు. తను ఏరి పంపిన మన్నుని తనే నమ్మాడు. నెల తిరక్కుండా కింది చెక్కలో ఆకుల అంచులు మాడాయి. తడి చాల్లేదనుకుని బోరు ఇంకా ఎక్కువ ఆడించాడు. మొక్క మొక్క దగ్గరా కూర్చుని ఆకులు తిప్పి పురుగు కోసం వెతికేవాడు. పురుగు కనబడి ఉంటే సంతోషించేవాడేమో, దానికైతే మందుంది.

ఎస్టీడీ బూతు నుంచి ఫోను చేయిస్తే ఆఫీసరు గారు వచ్చారు. కింది చెక్కలో గొయ్యి తవ్వించి బిందెడు నీళ్ళు పోయించారు. పొద్దున పోసిన నీళ్ళు సాయంత్రానికి కూడా ఇంకలేదు. వంగి చూస్తే అందులో నా మొహం కనబడింది.

"బోరు నీళ్ళలో ఉప్పుందండీ. నేల బిగుసుకుపోయింది. జిప్సం వేసి, మంచి నీళ్ళతో కడగాలి."

తాతయ్య కాలవ వైపు చూశాడు. ఆ కాలవ మా చేను దాకా రాదు. ఆ సంగతి ఆఫీసరు గారికీ తెలుసు. ముందే తెలిసుంటే అక్కడ మిరప వద్దనేవాణ్ణని మాత్రం మెల్లగా అన్నారు. ఇద్దరు పెద్దవాళ్ళు గొయ్యి పక్కన ఊరికే నిలబడిపోయారు. పెద్దవాళ్ళకి అన్నీ చేతనవుతాయనుకునే వయసు నాది. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు పక్క చేను బాబాయి వచ్చాడు. "మీ తోటకి ఏదో తెగులు తగిలినట్టుంది గానీ పెదనాన్నా, పటంలో నేల నలుపేగా. మీ బోరు పక్కనే నేనూ వేయిస్తన్నా. రేపు బోరు లారీ వస్తంది."

తాతయ్య లేచాడు. వెల్ల వేయగా మిగిలిన సున్నం కుండ తీసుకుని బడికి నడిచాడు. నేను వెనకాలే వెళ్ళాను, బాబాయి నా వెనకాల. గుడ్డ ముంచి, గోడ మీద మా కింది చెక్కకి సున్నం పూయడం మొదలుపెట్టాడు. ఆ బొగ్గు నలుపు ఒక పూతకి లొంగలేదు. ఆరనిచ్చి మళ్ళీ పూశాడు. జనం పోగయ్యారు.

"ఏంది పెదనాన్నా, మీ చేనుని మీరే చౌడు చేసుకుంటన్నారు?" అన్నాడు బాబాయి.

"చేసుకునేదేందిరా, అయిపోయింది. నేను పంపింది మంద కట్టిన మూల మన్ను. నువ్వు ఇక్కడ బోరు వెయ్యమాక."

అంతమందిలో ఆ మాట అని, తాతయ్య మళ్ళీ గుడ్డ ముంచాడు. బాబాయి లారీని రావద్దన్నాడు. అతని చేను నల్లగానే మిగిలింది. మా చెక్క బాగుపడిందని చెప్పాలని నాకూ ఉంది, కానీ బాగుపడలేదు. ఎండిన మొక్కలు పీకుతుంటే వాటి వేళ్ళకి మట్టి కూడా అంటలేదు.

ఇప్పుడు నా పిల్లలే నన్ను ఆసుపత్రికి తీసుకెళ్తున్నారు. ఎలా ఉందని డాక్టరు అడగ్గానే, బాగానే ఉందండీ అని నోటి చివరిదాకా వస్తుంది. తాతయ్య పోలిక ఎక్కడికి పోతుంది! అంతలో సున్నానికి పొక్కిన ఆయన వేళ్ళు గుర్తొస్తాయి. అప్పుడు నా ఒంట్లోని కింది చెక్క దగ్గర నుంచి చెప్పడం మొదలుపెడతాను.