దమయంతక్క పుర్రచెయ్యి

మణికట్టుకు నొప్పుల మందు రాసుకుని, అది ఆరేదాకా చెయ్యి ఊపుకుంటూ కూర్చున్నాను. పిల్లల పాటలకు కంప్యూటర్లో బొమ్మలు కదిలించడం నా ఉద్యోగం. పొద్దుటినుంచి ఒక కుందేలు చేత గంతు వేయిస్తున్నాను. కంపెనీవాళ్లకు గంతు నచ్చలేదు, తర్వాత చెవులు నచ్చలేదు, ఇప్పుడు మొదటి గంతే బాగుందంటున్నారు. విసుగు పడే ఓపిక కూడా పోయింది. మందులోని కర్పూరం ఘాటు ముక్కుకు తగిలేసరికి దమయంతక్క గుర్తొచ్చింది. ఆమె దగ్గర ఎప్పుడూ ఈ వాసనే వచ్చేది. నాకు బొమ్మ కదిలించడం నేర్పిన మనిషి ఆమె. మీరెవరూ ఆమె పేరు విని ఉండరు. వినే అవకాశం ఒకసారి వచ్చింది గానీ, దాన్ని ఆమే కాదనుకుంది.

రెండువేల ఐదో ఆరో, ఆ ప్రాంతం. నేను డిగ్రీ పూర్తిచేసి ఇంట్లో ఖాళీగా ఉన్నాను. తిరుపతి బస్టాండు వెనక సందులో నాగరాజన్న ఫొటో స్టూడియో ఉండేది. కింద ఫొటోలు, మేడమీద గదిలో పెళ్లి వీడియోలకు హంగులు అద్దడం. ఆ హంగులన్నీ అద్దేది ఆయన భార్య దమయంతక్క. అప్పుడామెకు నలభై దాటి ఉంటాయి. ఆల్బమ్‌లో పెళ్లికూతుళ్ల మొటిమలు చెరపడానికని నాగరాజన్న చెన్నై నుంచి ఒక పెన్ టాబ్లెట్ తెచ్చాడు. పలకలాంటి ప్లాస్టిక్ చెక్క, దానిమీద గీసే ఉత్తుత్తి పెన్ను. గీత పలకమీద పడదు, కంప్యూటర్ తెరమీద పడుతుంది. తెచ్చింది మొటిమల కోసం, అక్క వాడింది తన హీరో కోసం. ఆ హీరో పేరు చెప్పను. చెబితే ఈ రోజుకీ కొట్టుకునేవాళ్లు ఉన్నారు.

అక్కకు ఆయనంటే ప్రాణం. చిన్నప్పుడు పలమనేరులో ఆయన సినిమా వస్తే మొదటి ఆట చూడకుండా అన్నం తినేది కాదట. ఇప్పుడు ఆ ప్రాణమంతా పలకమీదకు దిగింది. ఆయన నడిచొస్తున్నట్టు, జుట్టు ఎగరేస్తున్నట్టు, తిరిగి చూసి నవ్వినట్టు చిన్నచిన్న బొమ్మలు కదిలించేది. ఒక నవ్వుకు రెండు రోజులు పట్టేది. ముందు గీసిన బొమ్మ అడుగున మసకగా కనిపిస్తూ ఉంటే, దానిమీద రవ్వంత జరిపి తర్వాతి బొమ్మ గీయాలి. అలా గీస్తూ పోవాలి, అంతకంటే మంత్రమేమీ లేదు. వీటిని లోకల్ కేబుల్ చానల్‌వాళ్లు చూసి పండగ శుభాకాంక్షల మధ్య వేశారు. అభిమాన సంఘంవాళ్లు చూసి ఎగిరి గంతేశారు. అప్పటినుంచి సంఘం పనులు స్టూడియోకే రావడం మొదలైంది. స్టూడియో నాలుగు కాలాలు నిలబడుతుందని నాగరాజన్నకు ఆశ పుట్టింది. నన్ను సాయానికి పెట్టుకున్నది కూడా ఆ ఆశతోనే.

చేరిన రోజే ఒకటి చూశాను. అక్క కుడిచేత్తో రసీదు రాసింది, కుడిచేత్తో టిఫిన్ తినింది. ఆ తర్వాత చెయ్యి కడుక్కుని వచ్చి ఎడమచేత్తో పెన్ను పట్టుకుంది. నేను కళ్లప్పగించి చూస్తుంటే నవ్వింది. చిన్నప్పుడు ఏ పనికైనా పుర్రచెయ్యే ముందుకొచ్చేదట. అన్నం దగ్గర వాళ్ల అవ్వ ఆ చేతికి గుడ్డ చుట్టి నడుముకు కట్టేసేదట. బళ్లో అయ్యవారు వేళ్ల కణుపులమీద కొట్టి రాత మార్పించాడట. అన్నీ మారాయి, ఇదొక్కటీ మారలేదు. పిల్ల బొమ్మలు గీస్తుందన్న సంగతి ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి ఆ పని వాళ్ల కంట పడలేదట. ఇదంతా ఆమె బాధపడుతూ చెప్పలేదు, ఎవరి కథో చెప్పినట్టు చెప్పింది.

పని నేర్పడంలో మాత్రం అక్క రాక్షసి. తెర పక్కనే మేకుకు ఒక చిన్న అద్దం వేలాడదీసింది. ఏ కదలికైనా ముందు మనం చేసి అద్దంలో చూసుకోవాలి, ఆ తర్వాతే పెన్ను పట్టాలి. చెయ్యి ఎత్తితే భుజం ఎటు పోతుంది, మెడ ఎక్కడ ఆగుతుంది అని అడిగేది. నేను చెప్పలేకపోతే మళ్లీ లేపి నిలబెట్టేది. "నీ ఒంట్లో లేంది బొమ్మకు యాడినుంచి వస్తాది?" అనేది. తనూ అంతే. అద్దం ముందు నిలబడి చెయ్యి చాపేది, వేలు చూపేది, మీసం తిప్పేది. అలా చాపేది ఎప్పుడూ ఎడమచెయ్యే. కానీ అద్దంలోని మనిషికి అది కుడిచెయ్యి అవుతుంది కదా. ఆమె ఎడమచేత్తో ఏం చేసినా తెరమీద హీరో దాన్ని కుడిచేత్తోనే చేసేవాడు. అద్దం ఆమెకు అంత సాయం చేస్తోందని మాలో ఎవరికీ తట్టలేదు.

ఆ ఏడు హీరో పుట్టినరోజుకు సంఘం అధ్యక్షుడు చెంగల్రాయుడు పెద్ద పనే పట్టుకొచ్చాడు. ఊళ్లో అతని మాటకు ఎదురుండేది కాదు. మనిషి చెడ్డవాడు కాదు. హీరో పేరు చెప్పి రక్తదానాలు చేయించేవాడు, పెద్దాసుపత్రిలో పళ్లు పంచేవాడు. హీరో కొండ మెట్లు దిగి అలిపిరి దగ్గరికి వస్తాడు, అక్కడ కూర్చున్న ముసలమ్మ చేతిలో లడ్డూ పెడతాడు, ఆమె దీవిస్తుంది. అదీ బొమ్మ. రోజంతా కేబుల్లో వేస్తారు, మూడు థియేటర్ల ముందు టీవీలు పెట్టి చూపిస్తారు, కింద దమయంతక్క పేరు పడుతుంది. ఆ మాట విన్నాక అక్క మధ్యాహ్నం అన్నం సరిగ్గా తినలేదు. తన పేరు తెరమీద ఏ రంగులో బాగుంటుందని నన్నొకసారి అడిగి, వెంటనే సిగ్గుపడింది.

అప్పుడే నాగరాజన్న కొత్తగా వెబ్‌కెమెరా కొన్నాడు. అద్దంలో చూసి గుర్తుపెట్టుకునే బాధ ఎందుకు, కెమెరా ముందు చేసి దాన్ని చూస్తూ గీసుకోమన్నాడు. అక్క ఒక జామకాయను లడ్డూ అనుకుని నాకు అందించింది, ముసలమ్మలా నేను పుచ్చుకున్నాను. ఆ దృశ్యం చూసుకుంటూ మూడు వారాలు గీశాం. ముసలమ్మ చీర కుచ్చిళ్లు నావి, మిగతాదంతా ఆమెది. నిజం చెబుతున్నాను, అంత మంచి కదలిక తర్వాత నేను ఏ పెద్ద స్టూడియోలోనూ చూడలేదు. లడ్డూ పెట్టేటప్పుడు హీరో నడుము వంగే తీరులోనే మర్యాద ఉండేది.

పుట్టినరోజు పొద్దున్నే కేబుల్లో మొదటిసారి వేశారు. కాసేపటికే చెంగల్రాయుడు మెట్లన్నీ అదిరేలా పైకి వచ్చాడు.

"ఏందక్కా ఇది? మా అన్న పుర్రచేత్తో లడ్డూ పెడతాడా? అదీ అలిపిరి కాడ? ఊరంతా నవ్వతా ఉండారు."

తెరమీద వేసి చూశాం. నిజమే, ఎడమచెయ్యి. అద్దంలా కెమెరా తిప్పి చూపించదు, ఉన్నది ఉన్నట్టు పట్టేస్తుంది. అయినా మూడు వారాలు ముగ్గురం చూసి, ఒక్కరం కనుక్కోలేకపోయామంటే నమ్ముతారా? ఆ గదిలో అందరి పనీ ఆ చేత్తోనే గడిచేది. అది ఎడమచెయ్యి అన్న సంగతే మేము మరిచిపోయాం.

అక్క కంగారుపడలేదు. తప్పు తనదేనంది. మొత్తం బొమ్మను కంప్యూటర్లో అద్దంలోలా తిప్పేస్తే చెయ్యి కుడివైపుకు వస్తుందని, చొక్కామీద అక్షరాలు, జుట్టు పాపిడి మాత్రం తిరిగి గీయాలని, సాయంత్రం ఆటకు అందిస్తానని చెప్పింది. చెంగల్రాయుడు చల్లబడి కుర్చీలో కూర్చున్నాడు. నేను టీ తెప్పించాను. అక్క పని మొదలుపెట్టింది. అతను టీ తాగుతూ ఆమె చేతివైపు చూశాడు.

"అక్కా, ఇన్నాళ్లూ ఆ చేత్తోనా మా అన్నను గీస్తా ఉండేది?" అన్నాడు. గొంతులో కోపం లేదు, భయం ఉంది.

ఆ తర్వాత అతను మాట్లాడినదంతా నాగరాజన్నతోనే. సంఘంలోని కుర్రాళ్లకు ఈ సంగతి తెలిస్తే ఊరుకోరన్నాడు. అవతలి హీరో సంఘంవాళ్లకు తెలిస్తే గోడలమీద రాస్తారన్నాడు. నన్ను చూపించి, పాపకు కుడిచెయ్యే కదా, పాపతో గీయించి పాప పేరు వేయమన్నాడు. అంతటితో తేలిపోతుందని, సంఘం పనులు ఎప్పటిలా ఇక్కడికే వస్తాయని మాటిచ్చాడు. నాగరాజన్న అక్క దగ్గరికొచ్చి బతిమాలాడు. గీసేది నువ్వే గీయి, పేరొక్కటి ఈ పిల్లది, హేమ అని వేద్దాం, ఎవరు చూడొచ్చారు అన్నాడు. స్టూడియో బతుకంతా ఆ ఒక్క మాట మీద ఉందని మా నలుగురికీ తెలుసు.

అక్క పెన్ను కింద పెట్టి మణికట్టు పిసుక్కుంది. ఆ ముఖంలో రోషం కనబడుతుందనుకున్నాను. అలసట తప్ప ఏమీ లేదు.

"తినేదానికి కుడిచెయ్యి ఇచ్చేసినాను. రాసేదానికి ఇచ్చేసినాను. తాళి కట్టించుకున్నాక మీ ఇంట్లో పసుపు ముట్టేదానికీ, దీపం పెట్టేదానికీ ఇచ్చేసినాను. దీనికి మాత్రం ఇయ్యను. నా పేరూ ఇయ్యను. వద్దంటే పోనీలేప్పా, వద్దు."

చెంగల్రాయుడు దణ్ణం పెట్టి లేచి వెళ్లిపోయాడు. సాయంత్రం కేబుల్లో హీరో ఫొటో ఒకటి కదలకుండా నిలబడింది, కింద అక్షరాలు పరుగెత్తాయి. అక్క మాత్రం ఆ రోజు పని ఆపలేదు. పాపిడి సరిచేసింది, అక్షరాలు సరిచేసింది, చివర పేరు వేసింది. నన్ను, నాగరాజన్నను కూర్చోబెట్టి ఒకసారి చూపించింది. "ఆయనకేం తెలుసు పాపం, ఆయన మంచోడే" అంది హీరో గురించి. నాకు ఏడుపు ఆగలేదు.

సంఘం పనులు ఆగిపోయాయి. నాగరాజన్న కొన్నాళ్లు ముభావంగా ఉన్నాడు, తర్వాత జిరాక్సు మిషను పెట్టుకున్నాడు. నాకు బెంగళూరులో ఉద్యోగం దొరికింది. ఆ ఊరూ ఈ ఊరూ తిరిగి, ఆఖరికి ఇంట్లోనుంచే పని చేసుకోవచ్చని మళ్లీ తిరుపతికే చేరాను. అప్పటికి నాగరాజన్న పోయాడు, స్టూడియో ఉన్నచోట చెప్పుల కొట్టు వెలిసింది. అక్క పలమనేరులో పాల కేంద్రం పక్కన గది అద్దెకు తీసుకుని, పొద్దున్నే పాలు పరీక్షచేసే పనికి పోతోందని తెలిసి, పోయిన చలికాలం బస్సెక్కాను.

బక్కచిక్కిపోయింది. బొమ్మలు గీస్తున్నావా అని అడిగితే కండ్లు ఆనడం లేదంది. నా ఉద్యోగం గురించి అడిగింది. ఏం చెప్పను? కుందేలు చెవులు వాళ్లు చెప్పినట్టు, రంగులు వాళ్లు చెప్పినట్టు, నవ్వు వాళ్లు చెప్పినట్టు అని చెప్పాను. అన్నీ వాళ్లకే ఇచ్చేస్తున్నానక్కా, విసుగొస్తోంది అన్నాను. ఆమె ఓదార్చలేదు. "ఏదన్నా ఒకటి పెట్టుకున్నావా నీకని?" అని అడిగి, సంగటి కలపడానికి లేచింది.

కంచం పెట్టి, ముద్ద వేసి, ఊరుబిండి పచ్చడి గరిటె అందుకుంది. ఎడమచేత్తో. ఒంటరిగా ఉంటున్న మనిషి, ఆ చెయ్యి ఇంట్లో ఎన్నాళ్లనుంచి స్వేచ్ఛగా తిరుగుతోందో. సగం దూరం వచ్చాక తనకే తెలిసొచ్చింది. గరిటె గాలిలో ఆగింది, కుడిచేతిలోకి మార్చుకోబోయింది.

నేను కంచం ముందుకు జరిపాను. "అట్లే ఎయ్యక్కా" అన్నాను. వేసింది.

ఆమె అడిగిన ప్రశ్నకు నేనింకా జవాబు చెప్పలేదు. రోజూ కంప్యూటర్ ఆపేముందు, ఈ రోజు ఇవ్వకుండా ఏం దాచుకున్నానని నన్ను నేను అడుక్కుంటాను. చాలా రోజులు ఏమీ ఉండదు. అయినా అడగడం మానలేదు.