హాజరాబీ పక్కన నర్సమ్మ

అనసూర్య ఉర్దూలో చదువుకున్న మనిషి. నిజాం కాలంలో జగిత్యాల బడిలో వేరే దారి లేదు. పదహారేళ్లకు పెళ్లయింది, పద్దెనిమిదేళ్లకు భర్త కలరాతో పోయాడు. బాపు రాయమల్లు బిడ్డను ఇంట్లో కూర్చోబెట్టలేదు. హైదరాబాదు పంపి నర్సు పని నేర్పించాడు. 1951లో ఖానాపూర్ అవతల, అడవి అంచున ఉన్న ఒక చిన్న దవాఖానాలో ఆమెకు మొదటి ఉద్యోగం దొరికింది.

అక్కడే ఆమె ఒక తప్పు చేసింది. రొమ్ములో గడ్డతో సుగ్రా అనే బాలింత వచ్చింది. డాక్టరు మగమనిషి. సుగ్రా కొంగు గుండెలకు అదుముకొని గోడవైపు తిరిగి పడుకుంది. బయట జనం బారులు తీరి ఉన్నారు. "డాక్టర్ ముంగట సిగ్గేంది?" అని అనసూర్య కొంగు లాగేసింది. సుగ్రా గడ్డ కోయించుకోకుండానే సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోయింది. పది రోజుల తర్వాత అనసూర్య ఆ ఇల్లు వెతుక్కుంటూ పోతే, అత్త తలుపు సగమే తీసి, "పిల్ల లేదు" అంది. లేదు అంటే పుట్టింటికి పోయినట్టో, ప్రాణంతోనే లేనట్టో! తలుపు మూసుకుంది.

ఆ తర్వాత ఆమె పని చేసే తీరు మారింది. ముస్లిం ఆడవాళ్లు వస్తే ముందు దుప్పటి అడ్డం కట్టేది. ఎక్కడ చూడాలో ఆ మేరకే బట్ట తీసి, మిగతాది తన చేతులతో కప్పి, అప్పుడు డాక్టరును పిలిచేది. నమాజు వేళకు చెంబుతో నీళ్లు పెట్టేది. రంజాన్ నెలలో మందు ఎప్పుడు వేసుకుంటారో రోగినే అడిగేది. ఎవరూ నేర్పలేదు. ఒక్కో మంచం దగ్గర ఒక్కోటి అడిగి తెలుసుకుంది.

1965 నాటికి ఆమె గోదావరి ఒడ్డున మరో సర్కారు దవాఖానాలో ఉంది. సెప్టెంబరులో హాజరాబీ చేరింది. లక్సెట్టిపేట బజారులో ముప్పయ్యేళ్లు గాజులు తొడిగిన ముసలమ్మ. గుండె దెబ్బతిని కాళ్లకు నీరు దిగింది, పడుకుంటే ఊపిరాడదు. భర్త ఎప్పుడో పోయాడు. ఒక్కతే బిడ్డ జులేఖా. 1950లోనే మొగుడితో కరాచీ వెళ్లిపోయింది. రెండు నెలలకొక ఉత్తరం వచ్చేది. వాడకట్టులో ఉర్దూ బడి మాస్టరు చదివి వినిపించేవాడు.

అప్పుడే యుద్ధం మొదలైంది. రెండు దేశాల మధ్య టపా ఆగిపోయింది.

"నర్సమ్మా, టపా వచ్చిందా?" అని హాజరాబీ రోజూ అడిగేది. అనసూర్య ఆమెను ఖాలా, అంటే పిన్నీ అని పిలిచేది.

"లడాయి నడుస్తుంది ఖాలా. జర ఆగాలె."

"లడాయి వాళ్లదాయె. నా బిడ్డ ఉత్తరం ఎవలనేం జేసె?"

ఆ మాట పక్క మంచం మీది లస్మవ్వ విన్నది. ఆమె కొడుకు అంజన్న, "గీ ముసల్దాని బిడ్డ పాకిస్తాన్ల ఉందట" అని వార్డంతా వినేటట్టు అన్నాడు. ఆ రోజు నుంచి లస్మవ్వ అటు మొహం పెట్టి పడుకోవడం మానేసింది. అనసూర్య నచ్చజెప్పబోయింది గానీ అంజన్న వినలేదు. హాజరాబీ మాత్రం ఏమీ విననట్టు కళ్లు మూసుకుంది.

అక్టోబరులో నీరు పొట్టదాకా ఎక్కింది. "వారం, పది రోజులు" అన్నాడు డాక్టరు. అనసూర్య ఇంటికి పోయి కాగితం తీసుకుంది. పదిహేనేళ్లుగా రాయని ఉర్దూ. తప్పులు కొట్టేస్తూ జులేఖా పేరుతో ఒక ఉత్తరం రాసింది. మరునాడు పొద్దున మంచం పక్కన కూర్చొని చదివింది. "అమ్మీజాన్, మేమందరం క్షేమం. మీ మనవరాలు అచ్చం మీలాగే నవ్వుతుంది..."

హాజరాబీ చివరిదాకా విన్నది. తర్వాత మెల్లగా, "నువ్వే రాసినవా బిడ్డా?" అంది.

అనసూర్య కాగితం మడిచింది.

"జులేఖా నన్ను ఎన్నడు అమ్మీ అనలే. ఇంట్ల నా చెల్లెండ్లు, తమ్ములు అందరు ఆపా అంటుంటే అదే నేర్సింది. ఉత్తరంల గూడ ఆపా అనే రాస్తది."

"తప్పయింది ఖాలా."

"ఫికర్ జేయకు." ముసలమ్మ వాచిన చెయ్యి ఆమె మోకాలి మీద పెట్టింది. "మల్లొక్కసారి చదువు. గా మనవరాలి మాట కాడికెళ్లి."

అనసూర్య చదివింది. అక్షరాలు కనిపించక మధ్యలో రెండుసార్లు ఆగింది.

అయిదో రోజు మధ్యాహ్నం ఒక కష్టమైన కాన్పు వచ్చింది. బిడ్డ అడ్డం తిరిగింది. అనసూర్య రెండు గంటలు అక్కడే ఉండిపోయింది. తిరిగి వచ్చేసరికి హాజరాబీ పోయింది. లస్మవ్వ తన మంచం దిగి, చేతిలో గ్లాసుతో నిలబడి ఉంది.

"దూపైతదని సైగ జేసింది. రెండు గుక్కలు తాగిచ్చిన" అంది లస్మవ్వ. "తర్వాత ఉర్దూల ఏందో అన్నది నర్సమ్మా. రెండుమాట్ల అన్నది. నాకు సమజ్ గాలే. నిన్ను పిలుద్దామంటే అంత దూరం నడువరాలే."

"ఏమన్నదో జర యాది జేస్కో."

లస్మవ్వ చాలాసేపు ఆలోచించి తల అడ్డంగా ఊపింది.

వాడకట్టు నుంచి నలుగురు ఆడవాళ్లు వచ్చి అడ్డం బట్ట కట్టి స్నానం చేయించారు. అనసూర్య నీళ్లు కాచి బట్ట ఇవతలి నుంచి అందించింది.

మరుసటేడు టపా మళ్లీ నడిచింది. ఉర్దూ మాస్టరు దగ్గర అడ్రసు తీసుకొని హాజరాబీ పోయిన సంగతి అనసూర్య కరాచీకి రాసింది. మూడు నెలలకు జవాబు వచ్చింది. జులేఖా ఎక్కువ రాయలేదు. "ఆపా చివర ఏమన్నది? మీరు పక్కనే ఉన్నారు కదా, మీకు ఉర్దూ వచ్చు కదా, ఉన్నదున్నట్టు రాయండి" అని అడిగింది.

ఏదైనా మంచి మాట కల్పించి రాయవచ్చు. రాయాలనే కూర్చుంది. కానీ ఆ ఇంట్లో ఎలా మాట్లాడుకుంటారో ఆమెకు తెలియదు, అమ్మీజాన్ అని రాసినప్పుడే ఆ సంగతి బయటపడింది. కడకు ఉన్నదే రాసింది: "లస్మవ్వ అనే ఆమె నీళ్లు తాగించింది. మీ ఆపా రెండుసార్లు ఏదో అన్నది. లస్మవ్వకు ఉర్దూ రాదు. నేనప్పుడు పక్కన లేను."

దానికి జవాబు రాలేదు. 1968లో అనసూర్యకు కరీంనగర్ బదిలీ అయింది. ఆమె కొత్త అడ్రసు పోస్టాఫీసులో రాసిచ్చి బస్సెక్కింది.