‘ఎవరి కుక్క’ అనే గడి

నేను రిటైరవడానికి నాలుగేళ్ల ముందు, ఎండలు ముదిరిన రోజుల్లో, నన్ను పొదిలి నుంచి మార్కాపురం చుట్టుపక్కల ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి స్టాఫ్ నర్సుగా బదిలీ చేశారు. ఆ ఊరి పేరు రాయను. ఇంజెక్షన్ల గది, ఫ్రిజ్‌లోని టీకాలు, కుక్కకాటు రిజిస్టరు నా బాధ్యత. నా నోరు మంచిది కాదని అప్పటికే పేరుంది, అబద్ధమేమీ కాదు. అయితే నోరు తెరవాల్సిన చోట ఒకసారి మూసుకున్నాను.

చేరిన రెండో నెలలో ఒక ఉదయం పలకల ఫ్యాక్టరీ యజమాని తన కారులో కాశయ్యను తీసుకొచ్చాడు. కాశయ్య అక్కడ పలకలు కోసే పనివాడు, నలభై ఏళ్లుంటాయి. ఫ్యాక్టరీ కాపలా కుక్క అతని కుడి అరచేతిని పట్టి పీకింది. గాయం నిండా బూడిదరంగు పొడి కూరి ఉంది. ఆ పనిలో చెయ్యి తెగితే రాతిపొడి అద్ది, గుడ్డ చుట్టుకుని మళ్లీ పనిలో కూర్చోవడం అలవాటు.

“ఏందయ్యా ఇది? కుక్క కరిస్తే రాయి కూరుకుంటారా?” అని కేకలేశాను.

“నెత్తురు ఆగుతాదని పెట్టినానమ్మా. మేమంతా అట్లనే చేస్తాం” అన్నాడు.

కుక్కకాటుకు మొదటి మందు సబ్బు, నీళ్లు. ధార కింద పావుగంట కడగాలి. ఆ పొడి వదిలేసరికి అరగంట పట్టింది. అతను పళ్లు బిగించి కూర్చున్నాడే తప్ప ఒక్కసారి అబ్బా అనలేదు. చర్మం చీల్చుకుని నెత్తురు వచ్చిన కాటును మేము మూడో రకం అంటాం. దానికి టీకా ఒక్కటే చాలదు. టీకా పనిచేయడానికి రోజులు పడుతుంది, ఈలోగా వైరస్‌ను గాయం దగ్గరే ఆపడానికి చుట్టూ సీరం ఎక్కించాలి. అది మా దగ్గర లేదు. డాక్టరు గారు పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చారు, మొదటి టీకా నేను వేశాను.

తర్వాత రిజిస్టరు తీశాను. కరిచింది ఎవరి కుక్క అని అందులో ఒక గడి ఉంటుంది. పెంచేవాళ్లుంటే పోలీసులకు కబురు పంపడం మా దగ్గర పద్ధతి. కుక్కను అజాగ్రత్తగా వదిలి మనిషికి హాని జరిగితే యజమాని మీద కేసవుతుంది.

“అక్కా, వీధికుక్క అని రాసేయండి. కాశయ్య మా మనిషే, మేం చూసుకుంటాం. కుక్కకి సూదులు కూడా ఏపించినాం” అన్నాడు యజమాని.

నేను కాశయ్య వైపు చూశాను. “సావుకారు చెప్పినట్టే రాయండమ్మా” అన్నాడు అతను.

నేను గాయం కడిగిన నీళ్లు ఆ సావుకారు ఆసుపత్రికి కట్టించిన ట్యాంకులోవే. వీధికుక్క అని రాశాను. నా బుద్ధి గడ్డి తిన్నది.

రాసింది వీధికుక్క అని, మనసులో అనుకున్నది సూదులేసిన పెంపుడు కుక్క అని. అందుకే మూడో రోజు టీకాకు వచ్చినప్పుడు, పెద్దాసుపత్రికి పోలేదని అతను చెప్పినా నేను గట్టిగా పట్టుబట్టలేదు. అక్కర్లేదని సావుకారు అన్నాడట. సరే, పది రోజులు కుక్కను కనిపెట్టి చూడు, చచ్చినా కనబడకపోయినా పరిగెత్తుకు రా అని చెప్పి పంపాను. ఏడో రోజు అడిగితే తల వంచుకుని “బాగానే ఉందమ్మా” అన్నాడు. చెయ్యి కూడా మానుతోంది. నేను నమ్మాను.

నాలుగో డోసు ఇరవై ఎనిమిదో రోజున. ఆ పొద్దున గదిలోకి అతను రాలేదు, భార్య రమణమ్మ వచ్చింది.

“నీళ్ల చెంబు చూస్తే వణుకుతాండాడు సిస్టరమ్మా. గొంతు పట్టేస్తాందంట. ఫ్యాను గాలికి కూడా అరుస్తాండాడు” అంది.

చేతిలోది వదిలేసి బయటికి పరిగెత్తాను. కాశయ్య ఆటోలో ఉన్నాడు. తెలివి పూర్తిగా ఉంది. నన్ను చూడగానే తనే చెప్పాడు.

“కుక్క అయిదో రోజే చచ్చిపోయిందమ్మా. వెనక పలకముక్కల దిబ్బలో నేనే పూడ్చినాను. ఎవరికీ చెప్పొద్దన్నాడు సావుకారు. చెప్తే పని పోతాదనుకున్నా.”

ఈ లక్షణాలు బయటపడ్డాక మందు లేదు. పెద్దాసుపత్రిలో మూడో రోజున పోయాడు.

మార్కాపురం కోర్టులో ఉచిత న్యాయసహాయం కింద రమణమ్మకు ఒక లాయరమ్మను ఇచ్చారు. దారులు రెండు. పెంపుడు కుక్కయితే యజమాని మీద క్రిమినల్ కేసు, నష్టపరిహారం. వీధికుక్కయితే పంచాయతీని అడగాలి. ఆ కుక్క ఫ్యాక్టరీదని ఊరంతా తెలుసు, మాకేం సంబంధం అంది పంచాయతీ. సర్కారు రిజిస్టరులోనే వీధికుక్క అని ఉంది కదా అన్నాడు సావుకారు. ఒకరు ఊరి మాటను, ఒకరు నా రాతను అడ్డం పెట్టుకున్నారు, రమణమ్మ మధ్యలో నిలబడింది.

లాయరమ్మ అడిగితే సాక్ష్యం చెప్పాను. “ఇప్పుడు చెప్పేది అబద్ధమా, అప్పుడు రాసింది అబద్ధమా?” అని అవతలి లాయరు నిలదీశాడు. రాసిందే అబద్ధం అన్నాను. తప్పుడు నమోదుకు శాఖ నాకు చార్జి మెమో ఇచ్చింది. అది న్యాయమే. నేను రిటైరయ్యేనాటికీ కేసు తేలలేదు.

సాక్ష్యం చెప్పి బయటికొచ్చినప్పుడు రమణమ్మ వరండాలో ఉంది. దణ్ణం పెడుతుందేమో, తిడుతుందేమో అనుకున్నాను. “ఈ మాట ఆ పొద్దే రాసుంటే పోలీసులైనా వచ్చి కుక్కను చూసుండేవాళ్లు కదమ్మా” అని మాత్రం అని, బస్టాండు వైపు వెళ్లిపోయింది.

ఆ తర్వాత సర్వీసు ఉన్నన్నాళ్లూ, కుక్క కరిచిన మనిషి వస్తే ముందు వెంట వచ్చినవాళ్లను బయటికి పంపేదాన్ని. తలుపేసి, గాయం కడుగుతూ, కుక్క ఎవరిదని అడిగేదాన్ని. చెప్పింది చెప్పినట్టు వాళ్ల ముందే రాసేదాన్ని. ఆసుపత్రికి ట్యాంకు ఎవరు కట్టించారన్నది ఆ గడిలో రాయాల్సిన సంగతి కాదు.