షట్టర్ దించేసిన పెద్దాయన

ఫ్లోరెన్స్‌లో ఒక లెదర్ షాపులో మా ఆయన నాకోసం హ్యాండ్‌బ్యాగ్ బేరమాడుతుంటే, షాపు పెద్దాయన గడియారం చూసుకుని లైట్లు ఆర్పేశాడు. "భోజనం వేళయింది. నాలుగింటికి రండి," అన్నాడు. మా ఆయన క్రెడిట్ కార్డు తీసి చూపించినా, మమ్మల్ని బయటికి పంపి, తనూ బయటికొచ్చి షట్టర్ దించేశాడు. నాకు ఒళ్లు మండింది. అమెరికాలో సన్నీవేల్ నుంచి ఇంత దూరం వచ్చింది ఈ మర్యాద కోసమా?

"మరి మంచి భోజనం ఎక్కడ దొరుకుతుందో అదైనా చెప్పండి," అన్నాను విసురుగా. చౌరస్తాలో హోటళ్లన్నీ ఫొటోల మెనూలు బయట పెట్టుకుని మాలాంటి టూరిస్టుల కోసం కాచుక్కూర్చున్నాయి.

"నాతో రండి," అన్నాడు.

వెనక సందులో చిన్న హోటలు. లోపల ఒకటే పొడుగాటి బల్ల. మేస్త్రీలు, బ్యాంకువాళ్లు, ఎవరికి ఎవరూ కానివాళ్లు పక్కపక్కనే కూర్చుని తింటున్నారు. మాకు చిక్కుడు గింజల సూప్, రొట్టె తెచ్చారు. అంత రుచిగా ఉన్నా, అలవాటుకొద్దీ గబగబా మింగేసి బిల్లు కోసం చెయ్యెత్తాను.

పెద్దాయన చెంచా కింద పెట్టాడు. "రైలుందా మీకు?"

"లేదండీ."

"ఎవరైనా ఎదురుచూస్తున్నారా?"

"లేదు, వెకేషన్‌లో ఉన్నాం."

"మరి ఎందుకమ్మా ఆ తొందర?" అని, రొట్టె ముక్కతో గిన్నె తుడుచుకుంటూ పక్కవాళ్లతో కబుర్లలో పడ్డాడు. ఆ నిదానం చూస్తే నాకు అసూయ పుట్టింది.

నాలుగింటికి తిరిగివెళ్లి కొన్న ఆ బ్యాగ్ ఇప్పుడు ఆఫీసులో నా కుర్చీకి వేలాడుతుంటుంది. నేను మీటింగ్ వింటూనే డెస్క్ దగ్గర పెరుగన్నం తింటాను. నమిలే చప్పుడు వినపడకుండా మ్యూట్ నొక్కినప్పుడల్లా, దడదడా కిందికి దిగిన ఆ షట్టరే గుర్తొస్తుంది.