ఎవరికి ఎలా చెప్పాలి

మా ఆసుపత్రి మేనేజరు గారికి అందరికీ ఒకే యాప్ కావాలి. డాక్టర్లకీ, నర్సులకీ, రోగులకీ అదే. అంతకుముందు ఒకరికి ఫోను చేసేవాళ్ళం, ఒకరికి మెసేజీ పెట్టేవాళ్ళం, ఇంకొకరికి వార్డు ఆయా చేత కబురంపేవాళ్ళం. ఎవరికి ఏం చెప్పామో సాయంత్రానికి ఎవరికీ గుర్తుండేది కాదు. ఆ గందరగోళం పోవాలని ఆయన సాఫ్ట్‌వేర్ కొన్నారు. శ్రీకాకుళంలోని ఆ ప్రైవేటు ఆసుపత్రిలో కంప్యూటర్ సెక్షన్ అంటే నేను ఒక్కదాన్నే. కాబట్టి అందరి ఫోన్లలో ఆ యాప్ ఎక్కించే పని నాకు పడింది.

మిగతా వార్డుల్లో నాకు ఏమీ అనిపించలేదు గానీ, డయాలసిస్ వార్డులోకి వెళ్ళేసరికి మనసు కుదురుగా ఉండేది కాదు. అక్కడి మంచాల్లో ఒకటి మా బావది. మా అక్క భర్త. కోటబొమ్మాళి దాటాక వాళ్ళ ఊరు, వరి రైతు. కిడ్నీలు పాడయ్యాక రోజు విడిచి రోజు తొలి బస్సెక్కి వచ్చి, మిషను మీద పడుకుని, మధ్యాహ్నం బస్సుకి తిరిగి వెళ్ళిపోతాడు. ఆయన ఫోనులో కూడా నేనే యాప్ ఎక్కించాను. ఎలా తెరవాలో చూపించాను. తలూపాడు. అంతే, మళ్ళీ దాని మొహం చూడలేదు.

కొన్నాళ్ళకి ఒక మిషను రిపేరుకి వచ్చి పొద్దుటి షిఫ్టు వాళ్ళని సాయంత్రానికి మార్చారు. యాప్ అందరికీ ఇంగ్లీషులో ఒక నోటీసు పంపింది. చదవని వాళ్ళకి దానంతట అదే ఫోను చేసింది. బావ ఫోను కట్టేసి ఉంది. ఆయన మామూలుగా పొద్దుటే వచ్చి, సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చున్నాడు. కాళ్ళు పొంగిపోయాయి, ఆయాసం మొదలైంది. అదే రోజు ఒక స్కూలు మాస్టారికి క్లాసులో పాఠం చెబుతుండగా ఫోను మోగింది. ఆయన వేలు ఎక్కడ తగిలిందో గానీ స్పీకరు ఆనై, పిల్లలందరి ముందూ ఒక ఆడగొంతు ఆయన డయాలసిస్ సమయం మారిందని చెప్పేసింది. ఆయన తన జబ్బు సంగతి స్కూల్లో ఎవరికీ చెప్పుకోలేదు. ఆ సాయంత్రం వచ్చి, గోడవైపు తిరిగి పడుకున్నారు.

ఆ రోజు నుంచి నాకు నిలకడ పోయింది. అరసవల్లిలో మా ఇంటికి వెళ్ళే ఆటోలో కూర్చుంటే సంచిలో ఫోను మోగుతున్నట్టే ఉండేది. తీసి చూస్తే ఏమీ ఉండేది కాదు. వంట చేస్తూ కూడా ఎవరికి కబురు అందలేదో అని ఆలోచన.

సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీ ఇంజనీరుకి ఫోను చేసి అడిగాను. అందులో పాలసీలు అని ఒక భాగం ఉందనీ, దాన్ని మా ఆసుపత్రి వాళ్ళు ఖాళీగా వదిలేశారనీ చెప్పాడు. అదేమీ పెద్ద విద్య కాదు. ఎవరికి ఏ దారిలో కబురు ఇష్టమో, ఏ వేళలో వద్దో, ఆ దారిలో అందకపోతే తర్వాత ఎవరికి చెప్పాలో ముందే నియమం రాసి పెట్టుకోవడం. ఆ తర్వాత మెసేజీ పంపాలో ఫోను చెయ్యాలో సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది.

మేనేజరు గారు ఒప్పుకోలేదు. ఒక్కొక్కరి ఇష్టాలూ అడుగుతూ కూర్చుంటే ఆసుపత్రి నడిచినట్టేనన్నారు. కిడ్నీ డాక్టరు గారు మాత్రం, కబురు అందక మనిషి బెంచీ మీద ఆయాసపడటం ఆవిడ కళ్ళారా చూశారు కాబట్టి, తన వార్డు వరకూ చేసి చూద్దామన్నారు.

మంచాల పక్కన స్టూలు వేసుకుని అడగడం మొదలుపెట్టాను. మాస్టారు స్కూలు వేళల్లో మెసేజీ తప్ప ఏదీ వద్దన్నారు. ఒక ముసలమ్మకి చదువు రాదు. ఫోనే కావాలంది, కానీ మిషను గొంతు వద్దంది.

"ఆ ఫోన్లో ఆడమనిషి నాను ఏటడిగినా ఇనిపించుకోదు. దాని మాట దానిదే" అంది.

ఆమెకి వార్డు సిస్టర్ గొంతు ఇష్టం. సిస్టర్ గారిది బాప్టిస్టు కుటుంబం, ఆదివారం చర్చిలో పాటలు పాడే మనిషి. అడిగితే సిగ్గుపడుతూనే నా ఫోనులో రికార్డు చేసి ఇచ్చారు. 'అమ్మా, రేపు పొద్దుట రావొద్దు, మద్దేనం రండి, కాస్త తిని రండి' అని, ఇంట్లో మనిషితో చెప్పినట్టు. ఎన్ని రకాలుగా చెప్పాల్సి వస్తుందో అన్నీ చెప్పించుకున్నాను.

బావ దగ్గర ఆగిపోయాను. ఫోను వద్దు, మెసేజీ వద్దు, ఎవరూ తనకేమీ చెప్పక్కర్లేదన్నాడు.

"మరి టైము మారితే ఎలా బావా?"

"మారితే మారనీ. కూకుంటాను" అని కళ్ళు మూసుకున్నాడు.

ఆ ఆదివారం, అరసవల్లి వీధిలో గుడికొచ్చే వాళ్ళ ఆటోలు నిండక ముందే బయల్దేరి అక్క ఇంటికి వెళ్ళాను. అక్క రాగిపిండితో కాచిన చోడి అంబలి గ్లాసులో పోస్తోంది. పోస్తూనే, ఆసుపత్రిలో నువ్వున్నావనే నాకు ధైర్యం, మంచైనా చెడ్డైనా ముందు నాకు చెప్పాలి అని మాట తీసుకుంది. అంతలో బావ ఫోను మోగింది. అక్క చెయ్యి అలాగే ఆగిపోయింది. బావ ఫోను అందుకుని పెరట్లోకి, గడ్డికుప్ప వెనక్కి వెళ్ళి మాట్లాడి వచ్చాడు. ట్రాక్టరు వాడన్నాడు. అక్క గ్లాసు చుట్టూ ఒలికిన అంబలి తుడుచుకుంది.

తిరుగు బస్సుకి నన్ను దిగబెట్టడానికి బావ వచ్చాడు. రోడ్డు మీద నడుస్తూ అసలు సంగతి చెప్పాడు.

"సూసినావు కదా మీ అక్కని. ఫోను మోగితే సాలు, ఒల్లు సల్లబడిపోద్ది. ఆస్పత్రి నంబరైతే మరీను. అందుకే ఒద్దన్నాను. నా కాడ బుల్లి ఫోనొకటున్నాది, పశువుల సాల్లో ఎట్టుకుంటాను. దానికి మిస్డ్ కాల్ ఇయ్యి సాలు, నానే తిరిగి సేస్తాను. అక్కకి మాత్రం సెప్పకు."

సరే అన్నాను. అది అందకపోతే ఎవరికి చెప్పాలి అని అడిగాను. ఎవరికీ వద్దన్నాడు.

సోమవారం ఆయన కోరినట్టే నియమం రాశాను. రెండో మనిషి పేరు ఉండాల్సిన చోటు ఖాళీగా వదిలేశాను. సాఫ్ట్‌వేర్ అడిగేది రోగి ఇష్టం ఒక్కటే. ఆ ఇంట్లో ఇంకో మనిషి ఇష్టం దానికి సరిగ్గా ఎదురుగా ఉందని దానికి తెలియదు, నాకు తెలుసు. అక్క ఫోను చేసినప్పుడల్లా మాట తడబడేది. ఏమైందే అలా ఉన్నావు అని అడిగేది. ఎండగా ఉందనీ పనెక్కువైందనీ ఏదో ఒకటి చెప్పి పెట్టేసేదాన్ని.

వానాకాలం వచ్చింది. ఒకరోజు తెల్లారకముందే ముసురు పట్టింది. సిస్టర్ గారు ఫోను చేస్తే నేను చీకటితోనే వచ్చేసరికి డయాలసిస్‌కి నీళ్ళు శుద్ధి చేసే ప్లాంటు మోటారు కాలిపోయి ఉంది. నీళ్ళు లేకపోతే మిషన్లు లేవు. ఊళ్ళోనే ఇంకో సెంటరు వాళ్ళు మధ్యాహ్నం మా వాళ్ళని తీసుకుంటామన్నారు. పొద్దుటి షిఫ్టు వాళ్ళు ఇళ్ళ నుంచి కదలకముందే ఆ సంగతి అందాలి. డాక్టరు గారు సరేననగానే కబురు వదిలాను.

తెర మీద పేర్ల పక్కన ఒక్కొక్కటే పచ్చగుర్తు పడుతూ వచ్చింది. మాస్టారు సరేనని జవాబు పెట్టారు. ముసలమ్మ సిస్టర్ గొంతు విని, ఆ సెంటరు ఎక్కడుందో కనుక్కోమని మనవరాలి చేత తిరిగి ఫోను చేయించింది. బావ పేరు పక్కన మాత్రం ఎర్రగానే ఉంది. చిన్న ఫోనుకి మిస్డ్ కాల్ వెళ్ళింది, తిరిగి రాలేదు. రెండోసారి, మూడోసారి కూడా వెళ్ళింది. తర్వాత ఎవరికి చెప్పాలో తెలియక సాఫ్ట్‌వేర్ 'అందలేదు' అని చూపించి ఊరుకుంది.

నేను ఊరుకోలేకపోయాను. కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి, అక్కణ్ణుంచి వార్డులోకి, మళ్ళీ తెర దగ్గరికి తిరుగుతున్నాను. ఆయన తడుస్తూ వచ్చి మూసి ఉన్న వార్డు ముందు కూర్చోవడం, ఆ ఆయాసం, అన్నీ కళ్ళ ముందుకొస్తున్నాయి. సిస్టర్ గారితో చెప్పాను, అక్కకి ఫోను చేస్తానని.

"ఆసుపత్రి ఫోను నుంచి చెయ్యకండి. ఆయన వద్దన్నారు కదా. చెల్లెలిగా చేస్తే అది మీ ఇష్టం, తర్వాత మాట పడటానికి కూడా మీరు సిద్ధపడాలి" అన్నారు.

నా సొంత ఫోను తీసుకుని వరండాలోకి వెళ్ళి అక్కకి చేశాను. మొదటి రింగుకే ఎత్తింది. ఎలా మొదలుపెట్టాలా అనుకుంటుండగా తనే అంది.

"ఒసే, ఆ బుల్లి ఫోను గురించేనా? నా సేతిలోనే ఉన్నాది."

ఆ ఫోను సంగతి నీకు తెలుసా అని అడిగాను.

"మరి దానికి సార్జింగెట్టేది ఎవులనుకున్నావు? ఆయనకి గేపకముంటాదేటి? నానే ఎడతన్నాను. తనే ఎట్టుకుంటన్నాననుకుంటన్నాడు."

పశువులకి గడ్డి వెయ్యడానికి వెళ్తే చిన్న ఫోను మోగి ఆగుతోందట. బావ అప్పటికే బస్సుకి వెళ్ళిపోయాడు. ఆసుపత్రి నంబరు చూసి, ఏదో ఉందని ఆ వానలోనే రోడ్డు దాకా పరిగెత్తి, బస్సు ఎక్కబోతున్న మనిషిని ఆపేసింది. ఇప్పుడు పక్కనే ఉన్నాడని ఫోను ఆయనకిచ్చింది. వాన చప్పుడులోంచి బావ "ఏటి?" అన్నాడు. ఎక్కడికి రావాలో, ఎప్పుడు రావాలో చెప్పాను. ఊఁ అన్నాడు. మళ్ళీ అక్క తీసుకుంది. ఈసారి గొంతు తగ్గించలేదు, పక్కనున్న ఆయనకి వినబడాలనే అన్నట్టుంది.

"ఫోను మోగితే నాకు బయం కాదే. మోగినాక ఈయన దాన్నట్టుకుని గడ్డికుప్ప ఎనక్కి ఎలిపోతాడు సూడు, అదే నాకు బయం."

మధ్యాహ్నం ఇద్దరూ కలిసే వచ్చారు. ఆ సెంటరులో బావని మిషను మీద పడుకోబెట్టాక నేనూ వెళ్ళాను. అక్క కొంగు ఇంకా తడిగానే ఉంది. నామీద కోప్పడుతుందనుకున్నాను, దాచినందుకు. కోప్పడింది కూడా, కానీ కొంచెమే. ఇకమీద ఏ కబురైనా ఇద్దరికీ ఒకేసారి చెప్పాలంది. ఒప్పుకోవాల్సింది బావ. నేను ఆయన వైపు చూశాను. ఆయన పైకప్పు వైపు చూస్తూనే రాసుకోమన్నాడు. మిషను గొంతు మాత్రం వద్దు, సిస్టర్ గొంతే ఉండాలన్నాడు.

ఆ రోజు మా వాళ్ళు ఒక్కరు కూడా తప్పు చోటికి వెళ్ళలేదు. డాక్టరు గారు ఆ సంగతి మీటింగులో చెప్పాక మేనేజరు గారు మిగతా వార్డుల్లోనూ అడగడానికి ఒప్పుకున్నారు, కాకపోతే తొందరగా తేల్చమన్నారు. అది తొందరగా తేలే పని కాదు. ఇవాళ మెసేజీ చాలన్న మనిషి నెల తిరిగేసరికి చూపు మందగించి ఫోను చెయ్యమంటాడు. కూతురికి చెప్పమన్నావిడ కూతురితో మాటలు మానేసి కోడలి నంబరు ఇస్తుంది. రాసింది రాసినట్టు ఒక్క వారం నిలవదు. పొద్దుటే వచ్చి తెర తెరిచి, ఎర్రగా ఎవరి పేరైనా ఉందేమోనని చూసేదాకా ఇప్పటికీ నాకు టీ గొంతు దిగదు.

నిన్న కొత్తగా ఒకాయన చేరారు. గరివిడిలో ఫ్యాక్టరీ పని చేసి మానేసి, ఈ ఊళ్ళో కూతురి దగ్గర ఉంటున్నారు. సరిగా వినబడదు. ఆయన పక్కన స్టూలు వేసుకుని, గట్టిగా, కబురు ఎలా పంపమంటారని అడిగాను. ఆయన తలుపు దగ్గర నిలబడ్డ కూతురి వైపు చూశారు, నా వైపు చూశారు. రేపు చెబుతానన్నారు.